కుర్రకారు

మా కారుకు పదమూడేళ్లు నిండి నాలుగు నెలలైంది. నాకు యాభై మూడేళ్లు నిండాయి గానీ బుద్ధి ఇంకా నిండలేదు. ఈ రెండింటిలో మొదటిదాన్ని ప్రభుత్వం వారు తరవాత సవరించారు. రెండోదాన్ని సవరించడం మా ఆవిడ వల్లనే కాలేదు, ప్రభుత్వం వల్ల ఏమవుతుంది?

నా పేరు చిదానందం. ఆనందం పేరులో ఉంది, కారులో లేదు. గిడ్డంగుల సంస్థలో గోనెసంచులు లెక్కపెట్టే ఉద్యోగం. ఆఫీసు ఊరికి తూర్పున ఉంది. ఈ దిక్కుల సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మా కథంతా దిక్కుమాలిన కథ.

ఏప్రిల్‌లో మా ఆవిడ వకుళకు హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చింది. ఇరవై ఆరేళ్లు లెక్కలు చెప్పి చెప్పి సంపాదించుకున్న కుర్చీ. ఆ కుర్చీ ఊరికి పడమట పాతిక కిలోమీటర్ల అవతల ఒక పల్లెటూళ్లో ఉంది. ఆ ఊరికి బస్సు లేదనడానికి వీల్లేదు, ఉంది. పదకొండింటికి చేరుతుంది. బడి గంట తొమ్మిదింటికి కొడతారు. జూన్ ఇరవై ఏడులోగా వెళ్లి చేరాలి, లేదా ప్రమోషన్ వద్దని రాసివ్వాలి. నేను తూర్పుకు పోయేవాణ్ని గనక కారు ఆవిడే నడుపుకోవాలి. జూన్ ఇరవై నాలుగున లైసెన్సు పరీక్ష. ఎవరి బండి వాళ్లే తెచ్చుకోవాలని అందులో షరతు.

డ్రైవింగ్ నేనే నేర్పానని నలుగురికీ చెప్పుకుంటాను. నేను నేర్పినా కూడా వచ్చిందని ఆవిడ చెప్పుకుంటుంది.

అంతా సవ్యంగా సాగుతుండగా మే నెల రెండోవారంలో కారు డైనమో పోయింది. బ్యాటరీకి కరెంటు అందించే భాగం అది. అది పోతే కారు కారుగా ఉండదు, అరుగు అవుతుంది. ఎక్కి కూర్చోవచ్చు, ఎక్కడికీ వెళ్లలేం.

"మెకానిక్‌ను పిలవండి," అంది వకుళ.

"నేనుండగా?"

"మీరుండగానే పిలవండి. మీరు లేనప్పుడు పిలిస్తే వచ్చాక ఊరుకోరు."

నాకు సొంత రిపేర్ల పిచ్చి ఉంది. పానా చేత పట్టానంటే కారుకు ప్రాణాలు పోతాయి. కిందటేడు వైపర్ మార్చాను. అది అద్దం తుడవడం మానేసి ఎదురొచ్చే బళ్లకు టాటా చెప్పడం మొదలెట్టింది. అంతకుముందు హారన్ బాగుచేశాను. నొక్కితే మోగదు, ఎడమవైపు తిరిగితే మోగుతుంది. దానివల్ల ఎడమ పక్క వీధుల్లో ఉన్న చుట్టాల ఇళ్లకు వెళ్లడం తగ్గిపోయింది. వకుళ దీన్ని మాత్రం మంచి రిపేరుగానే లెక్కవేసింది.

డైనమో కొత్తది కొనాలా, పాతది కొనాలా అన్నది ప్రశ్న. కొత్తది కంపెనీ నుంచి రావడానికి నెల పడుతుందన్నారు. జూన్ ఇరవై నాలుగు నెల కోసం ఆగదు. ఆటోనగర్‌లో మస్తాన్‌వలీ దగ్గర పాతది దొరుకుతుంది.

మస్తాన్‌ది తుక్కు యార్డు. తిరగబడ్డ కార్లు, తిరగనని మొండికేసిన కార్లు, అన్నీ అక్కడికే వస్తాయి. వాటిలో పనికొచ్చే భాగాలు ఊడదీసి అరల్లో పేరుస్తాడు. అతనికో పద్ధతి ఉంది. ప్రతి భాగం మీదా పసుపు రంగుతో, అది ఏ బండిలోంచి తీసిందో ఆ బండి నంబరూ, ఆ బండి పుట్టిన సంవత్సరమూ రాస్తాడు.

"ఇదేంది మస్తానూ, జాతకం రాసినట్టు," అన్నాను.

"చచ్చినోడు ఎవురో చెప్పకుండా వాడి కళ్లు ఇంకోడికి పెట్టగూడదు గదా సార్. ఇదీ అంతే. రేపు ఏదన్నా తేడా వస్తే ఫలానా బండిదని నాకు గుర్తుండాల." అన్నం తిన్న చేతిని కడుక్కున్నంత శ్రద్ధగా డైనమోను గుడ్డతో తుడిచి నా ముందు పెట్టాడు. "మీరు బిగిస్తారా, మెకానిక్ బిగిస్తాడా?"

"నేనే."

"అయితే రెండు తీసుకుపొండి."

నేను ఒకటే తెచ్చాను. మనిషికి ఆత్మగౌరవం ఉండాలి. ఆదివారం పొద్దున కూర్చుని మధ్యాహ్నానికి బిగించాను. పనయ్యాక రెండు బోల్టులు మిగిలాయి.

"ఇవి అక్కర్లేనివి," అన్నాను.

"కంపెనీ వాళ్లకు తెలియక పెట్టుంటారు, పాపం," అంది వకుళ.

కానీ కారు స్టార్టయింది. ఆ క్షణంలో నాకు వచ్చిన గర్వానికి గేరు లేదు, బ్రేకు అంతకంటే లేదు.

సరిగ్గా ఆ వారమే మా జిల్లాలో 'యువ రహదారి మహోద్యమం' మొదలైంది. రోడ్ల మీద ముసలి బళ్లు తిరగడం వల్ల రోడ్లకు ముసలితనం వచ్చి గుంటలు పడుతున్నాయని ఎవరో పైవారు కనిపెట్టారు. గుంటలు పూడ్చడం కంటే బళ్లు పూడ్చడం తేలికని తోచింది. పదిహేనేళ్లు దాటిన బండిని తుక్కుకు పంపాలి. కూడలి కూడలికీ బ్యానర్లు కట్టారు: 'పడుచు బండి, పసిడి బాట'. దీనికోసం 'యాన వయోనిర్ణయ విభాగం' అని ఒక ఆఫీసే తెరిచారు.

ఆ విభాగం వాళ్లు కూడలిలో మా కారు ఆపి, బానెట్ ఎత్తించి, డైనమో మీద పసుపు అక్షరాలు చూశారు. చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా చేతికి ఒక కాగితం ఇచ్చారు.

ఆ కాగితం పట్టుకుని మర్నాడు వయోనిర్ణయాధికారి ఏకాంబరంగారి దగ్గరికి వెళ్లాను. ఆయన బల్ల మీద ధూళి తప్ప మరేదీ లేదు. ఆయన మాట్లాడితే ఆకాశవాణి పాత వార్తలు మళ్లీ వస్తున్నట్టుంటుంది.

"తమరి యానమునకు పదునేడు సంవత్సరములు," అన్నారాయన.

"పదమూడండీ. ఆర్‌సీ ఉంది చూడండి."

"ఆర్‌సీ యానము యొక్క జన్మను మాత్రమే తెలుపును. వయస్సును తెలుపజాలదు. వయస్సునకు మా వద్ద ప్రత్యేక సూత్రము కలదు. అత్యంత వృద్ధ భాగ సూత్రము. యానము నందలి ఏ భాగము మిక్కిలి ముసలిదో, యానమునకు అదియే వయస్సు. తమరి డైనమో పదునేడేండ్ల క్రిందటి యానమునకు చెందినదని దాని మీదనే స్పష్టముగా లిఖించబడి ఉన్నది. అంతటి నిజాయితీగల భాగమును మేము ఇదివరకు చూడలేదు."

మస్తాన్ నిజాయితీ నన్ను నిలువునా ముంచింది.

"మా ఇంట్లో మా తాతగారి మడతకుర్చీ ఉందండీ," అన్నాను. "అందులో కూర్చుంటే నాకు తొంభై ఏళ్లు వస్తాయా?"

"అది గృహోపకరణముల శాఖ. మాది యానముల శాఖ." ఆయన ఏమాత్రం తొణకలేదు. "పదిహేనవ యేట తమరి యానము కాలధర్మము చెందియుండవలెను. అనగా రెండు సంవత్సరములుగా తమరు శవము నందు సంచరించుచున్నారు. ముప్పది దినములలో తుక్కు సమర్పణ గావించుడు."

"డైనమో బిగించి వారమే అయిందండీ. రెండేళ్లు ఎక్కడివి?"

"భాగము వారము క్రిందట వచ్చినది. వయస్సు దానితో పాటు వచ్చినది. వయస్సు ఎన్నడును ఒంటరిగా రాదు."

ఈ చివరి మాట మాత్రం నిజమే. నాకు వయసుతో పాటు పొట్ట వచ్చింది.

ఇంటికొచ్చి చెప్పాను. వకుళ ముప్పయ్యి రోజులు వేళ్ల మీద లెక్కపెట్టింది. లెక్క జూన్ పద్దెనిమిది దగ్గర ఆగింది. పరీక్షకు ఆరు రోజుల ముందు. ఆవిడ వేళ్లు ముడిచేసింది. లెక్కల టీచరు లెక్కయ్యాక మాట్లాడకపోతే జవాబు తప్పొచ్చిందని అర్థం.

నాకొక్కడికే అయితే ఇలాగే ముగిసేది. అదృష్టవశాత్తూ ఊరంతటికీ అయింది. ఒక పెద్ద డాక్టరుగారి కారు షోరూమ్ నుంచి వచ్చి ఆరు వారాలే. డాష్‌బోర్డు మీద వాళ్ల అమ్మమ్మగారి ఇత్తడి వినాయకుడిని అతికించారు. విగ్రహానికి డెబ్బయ్యేళ్లని వాళ్లావిడ భక్తిగా చెప్పింది. కారుకు డెబ్బయ్యేళ్లని రాసుకున్నారు. సర్పంచిగారి కొత్త జీపుకు అద్దం దగ్గర పూర్వకాలపు దిష్టిగవ్వ వేలాడుతోంది. గవ్వ వయసు తేల్చలేక ఆ జీపును పురావస్తు శాఖకు రాశారు. పెద్దవాళ్ల బళ్లు తుక్కులో పడితే గానీ పైవాళ్లకు కళ్లు తెరుచుకోవు. రెండోవారంలోనే సూత్రం మార్చారు, పాత నోటీసులు రద్దు చేశారు.

కొత్త సూత్రం పేరు 'అధిక సంఖ్యాక భాగ సూత్రము'. యానంలో ఎక్కువ భాగాలకు ఏ వయసు ఉంటే యానానికి అదే వయసు. ప్రజాస్వామ్య పద్ధతి అన్నమాట.

"మన కారులో డైనమో ఒక్కటే ముసలిది," అన్నాను వకుళతో. "మిగతావన్నీ పదమూడేళ్లవే. గెలిచాం."

ఆ మాటతో ఊరుకుని ఉంటే ఈ కథ ఇక్కడ అయిపోయేది, మీరూ బతికిపోయేవారు. కానీ సర్క్యులర్ వెనక అనుబంధం ఉంది, నాకు చదువు వచ్చు. ఈ రెండూ కలిస్తేనే దేశంలో అనర్థాలు. ఆ అనుబంధంలో మా మోడల్ కారులో ఉండే భాగాల జాబితా వేశారు. మొత్తం పదకొండు వందల నలభై. ఇంజను ఒక భాగం. చక్రం ఒక భాగం. బోల్టు ఒక భాగం. నట్టు ఒక భాగం. వాషర్ ఒక భాగం. అంటే ఇంజనుకు ఒక ఓటు, వాషర్‌కూ ఒక ఓటు.

"వకుళా," అన్నాను, "పదమూడేళ్ల కారంటే ఇంకా రెండేళ్లే. ఆ తరవాత నువ్వు బడికెలా వెళ్తావు? నీ సర్వీసు ఇంకా నాలుగేళ్లుంది. అయిదు వందల డెబ్బయ్యొక్క కొత్త నట్లూ బోల్టులూ వేశామనుకో, మెజారిటీ మనదే. కారుకు పాలబుగ్గలొస్తాయి."

"ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచండి. రెండేళ్లు చాలు నాకు. ఈలోపు బస్సు వేళ మారుస్తారేమో."

"బస్సు వేళ మార్చేవాళ్లు పుట్టాలి."

"మీరు రిపేరు చెయ్యకుండా ఉండే రోజు కూడా పుట్టాలి."

మొగుడు మాట వినడని తెలిసీ చెప్పడం ఆవిడ ధర్మం. వినకపోవడం నా ధర్మం. ధర్మానికి ధర్మం సరిపోయింది.

నాలాగే ఊరందరికీ చదువు వచ్చినట్టుంది. నట్లూ బోల్టుల కొట్టు దగ్గర రేషను షాపు కంటే పెద్ద వరస. మస్తాన్ కూడా వరసలో ఉన్నాడు.

"నీకెందుకు మస్తానూ కొత్త బోల్టులు?"

"ముసలి ఇంజను అమ్మినప్పుడల్లా గుప్పెడు కొత్త బోల్టులు కొసరు వెయ్యమంటున్నారు సార్. పెళ్లికొడుక్కి డెబ్బయ్యేళ్లు, పక్కన తోడుపెళ్లికొడుకులు మాత్రం పడుచోళ్లు కావాల. కాలం అట్టా ఉంది."

నా వంతు వచ్చింది. కొట్టాయన డబ్బా ముందుకు తోశాడు. దాని మీద చీటీ ఉంది. తయారీ: ఫిబ్రవరి.

ఇక్కడ మా వంశం గురించి ఒక మాట చెప్పాలి. మేము పాలపాకెట్ కొన్నా పైనున్నది తీసుకోము, అడుగున ఉన్నది తీయిస్తాం. బ్రెడ్డు కొంటే తారీఖు చూసి వెనక వరసలోంచి లాగుతాం. మా నాన్నగారు మందుల షాపులో విషం కొన్నా తాజాదే అడిగేవారని మా అమ్మ అంటుండేది. కాబట్టి బోల్టుల డబ్బా చేత్తో తిప్పి చూసి సహజంగానే అడిగాను:

"ఇంకా తాజావి లేవా?"

కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి లోపలికి వెళ్లి మరో పెట్టె తెచ్చాడు. "ఇవి నిన్ననే దిగాయండి. ఇంతకంటే తాజావి కంపెనీలో కూడా ఉండవు."

అవే కొన్నాను. తాజా అన్నాక ఇక చీటీ ఎవరు చూస్తారు.

బిగించడం మొదలుపెట్టాను. నా పానాకు అందిన బోల్టులు మూడు వందల పన్నెండే. మిగతావి తుప్పు పట్టి కారుతో రక్తసంబంధం పెట్టుకున్నాయి, ఊడలేదు. ఊడని పాతవి ఎనిమిది వందల ఇరవై ఎనిమిది, వాటిని దాటాలంటే ఇంకా అయిదు వందల పదిహేడు ఓట్లు కావాలి. డిక్కీలో ఒక ఇనపరేకు పరిచి, దానికి చిల్లులు వేయించి, వాటన్నిటికీ బోల్టులు బిగించాను. ఒక్క ఊరిలో ఓట్లు చాలకపోతే పక్క ఊరి ఓటర్లను లారీలో తేవడం మనకు కొత్తేం కాదు. డిక్కీ తెరిస్తే ముళ్లపందిని పడుకోబెట్టినట్టుండేది. కూరగాయల సంచి పెట్టడానికి చోటు లేదని వకుళ అంది. కుర్రకారుతో ఆ మాత్రం ఇబ్బందులు తప్పవన్నాను.

జూన్ ఇరవైన వయసు ధ్రువపత్రం కోసం కారును ఏకాంబరంగారి ఆఫీసు ఆవరణలోకి తీసుకెళ్లాను. ఆయన స్వయంగా దిగివచ్చి బోల్టులన్నీ లెక్కపెట్టించారు. రెండు గంటలు పట్టింది. మెజారిటీ ఒకటి. అయినా మెజారిటీ మెజారిటీయే.

"ధ్రువీకరణకై భాగముల పెట్టెను చూపుడు," అన్నారు.

చూపించాను. ఆయన చీటీ చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. తరవాత క్యాలెండరు వైపు చూశారు. ఆ తరవాత నా వైపు, శ్మశానంలో పరామర్శకు వచ్చినవాడిలా చూశారు.

"తయారీ, జూలై," అన్నారు.

"అయితే బాగానే ఉంది కదండీ, చాలా తాజా."

"నేడు జూన్ ఇరువది."

అప్పుడు అర్థమైంది. సరుకు పాతబడినట్టు కనపడకుండా నెలా రెండు నెలల తరవాతి తారీఖు ముందే అచ్చువేసి పంపడం ఆ కంపెనీ అలవాటు. ముందుచూపు గలవాళ్లు.

"అధిక సంఖ్యాక భాగములు జూలైలో జన్మించనున్నవి," అన్నారు ఏకాంబరంగారు. "కావున తమరి యానము ఇంకను జన్మించలేదు. గర్భస్థ యానము."

"మీ ఎదురుగా ఉంది కదండీ. ఇప్పుడే దాని టైరు మీద కాలు పెట్టారు."

"చూచుట ప్రమాణము కాదు. సూత్రమే ప్రమాణము."

"అయితే ఆ డిక్కీలో రేకు తీసేస్తాను. ఒక్క బోల్టు తీసినా మెజారిటీ పోతుంది."

"లెక్కించబడిన భాగమును తొలగించుటకు అరువది దినముల ముందు దరఖాస్తు పెట్టవలెను. లేనిచో అది ఫిరాయింపు అగును."

ఆయన ఒక ధ్రువపత్రం రాసి, ముద్ర కొట్టి ఇచ్చారు. అందులో ఒకటే వాక్యం: 'ఇందుమూలముగా ధ్రువీకరించునది యేమనగా, ఇది ప్రస్తుతము యానము కాదు.'

కారును అక్కణ్నించి ఇంటికి తోసుకుంటూ తెచ్చాను. పుట్టనిదాన్ని నడపకూడదన్నారు గానీ, తోయకూడదని ఎక్కడా రాయలేదు.

వకుళ ధ్రువపత్రం చదివింది. కేకలేస్తుందని తలుపులు దగ్గరగా వేశాను. వెయ్యలేదు. అలమరలోంచి ప్రమోషన్ వద్దనుకునే ఫారం తీసి బల్ల మీద పెట్టుకుని, పెన్ను మూత తీసింది.

"ఆ కుర్చీ నాకు ఏమంత గొప్ప కాదండీ," అంది. "మా హెడ్మాస్టర్లు పదకొండు మంది మారారు. ఒక్కరూ ఎనిమిదో తరగతి ఆడపిల్లలు లెక్కల్లో ఎందుకు తప్పుతున్నారని అడగలేదు. ఒక్క నాలుగేళ్లు నేను అడుగుదామనుకున్నాను. అంతే."

పాతికేళ్ల కాపురంలో ప్రతి మాటకూ నా దగ్గర ఒక చమత్కారం ఉండేది. ఆ పూట జేబులో పానా ఒక్కటే ఉంది. తీసి అటక మీద పెట్టాను.

కొంతసేపటికి వకుళ పెన్ను మూత పెట్టేసింది. ధ్రువపత్రం మళ్లీ చేతిలోకి తీసుకుంది. అందులో ఒకటే వాక్యం కదా, మూడుసార్లు చదివింది. లెక్కలో చిక్కుముడి దొరికినప్పుడు ఆవిడ కనుబొమలు దగ్గరవుతాయి.

"ఇరవై నాలుగున కారు పరీక్ష మైదానానికి చేర్చగలరా?" అంది.

"తోసుకుంటూ."

"తోసుకుంటూనే."

ఇరవై నాలుగు పొద్దున్నే నేనూ మస్తానూ కలిసి తోశాం. మస్తాన్‌ను నేను పిలవలేదు. డైనమో సంగతి తెలిసి తనే వచ్చాడు. "నా పసుపు రంగే గదా సార్ దీనికంతా మూలం," అని దారిపొడవునా బాధపడ్డాడు. వకుళ స్టీరింగు పట్టుకుని లోపల కూర్చుంది. మేం వగరుస్తుంటే మధ్యమధ్య అద్దంలో చూసి, "ఎడమ పక్కకు వద్దు, హారన్ మోగుతుంది," అని హెచ్చరించేది.

పరీక్ష తీసుకోవాల్సిన అధికారి సెలవులో ఉన్నారు. ఇన్‌చార్జి ఏకాంబరంగారే.

"యానము లేక పరీక్ష లేదు," అన్నారాయన.

"తెలుసండీ. ఒక్కసారి చూడండి చాలు," అంది వకుళ. ఆయన ఔననీ కాదనీ అనేలోపే కారు స్టార్టు చేసింది. మైదానంలో ఎనిమిది ఆకారంలో గుర్తులు పెట్టి ఉన్నాయి. మొదటిసారి ముందుకు, రెండోసారి వెనక్కి, ఒక్క గుర్తు కూడా కదలకుండా తిప్పింది. ఎడమ మలుపుల్లో హారన్ మోగింది, తాళం వేసినట్టు. తెచ్చి సరిగ్గా ఏకాంబరంగారి బూటు ముందు జానెడు దూరంలో ఆపింది.

ఆయన చాలాసేపు ఆ జానెడు వైపు చూశారు. "బహు బాగున్నది," అన్నారు. "కానీ జరగలేదు."

"సరేనండీ. జరగలేదు. నాకు తెలియక అడుగుతాను, లైసెన్సు దేనికి?"

"యానము నడుపుటకు."

"ఇది యానమా?"

"కాదు. నేనే ధ్రువీకరించితిని."

"మరి దీన్ని నడపడానికి ఏం లైసెన్సు కావాలి?"

ఏకాంబరంగారు లోపలికి వెళ్లి నిబంధనల పుస్తకం తెచ్చి చెట్టు నీడన నిలబడి మొదటి నుంచీ తిరగేశారు. మస్తాన్ నాకు మంచినీళ్ల సీసా అందించాడు. తిరగేస్తున్నకొద్దీ ఆయన మొహంలో ఒక వెలుగు రాసాగింది. తన సూత్రం ఇంత దూరం ప్రయాణించగలదని ఆయనకే తెలియదు.

"అవసరము లేదు," అన్నారు చివరికి, సొంత బిడ్డ క్లాసులో ఫస్టు వచ్చినట్టు. "యానేతరమును నడుపుటకు ఏ లైసెన్సూ అవసరము లేదు."

"రాసివ్వండి," అంది వకుళ.

రాసిచ్చారు. అప్పుడు నాకు ఆశ పుట్టింది. "అయితే సార్, నేను కూడా నడపొచ్చన్నమాట."

"తమరికి లైసెన్సు కలదా?"

"ఇరవై ఏళ్లుగా ఉందండీ."

"అది యానములకు మాత్రమే అని అందు స్పష్టముగా ఉన్నది. యానము కానిదానిని నడుపుటకు తమరికి అనుమతి లేదు."

"మా ఆవిడకు అసలు లైసెన్సే లేదు కదండీ."

"అందుచేతనే ఆమెకు ఏ పరిమితియు విధించబడలేదు."

వకుళ ఇరవై ఆరో తారీఖున, గంట కొట్టడానికి పది నిమిషాల ముందే బడికి చేరి సంతకం పెట్టింది. ఆ మర్నాటి నుంచీ ఎనిమిదో తరగతి ఆడపిల్లలకు సాయంత్రం ఒక గంట లెక్కలు. పోలీసులు దారిలో ఆపితే కాగితం చూపిస్తుంది. 'ఇది యానము కాదు' అని చదివి, బండి వైపు చూసి, మళ్లీ కాగితం చూసి, ప్రభుత్వ ముద్రకు దణ్ణం పెట్టి వదిలేస్తారు.

చిక్కల్లా జూలై ఒకటితో వచ్చింది. ఆ రోజు కారు పుడుతుంది. పుడితే యానమైపోతుంది. యానమైతే లైసెన్సు కావాలి, పరీక్ష మళ్లీ మొదటి నుంచి, తారీఖు మూడు నెలల తరవాత. అందుకని జూన్ ఆఖరి ఆదివారం నేను ఆగస్టు బోల్టులు తెచ్చాను. తీసేయడానికి దరఖాస్తు కావాలి గానీ, అదనంగా బిగించడానికి అక్కర్లేదు. ప్రతి నెలాఖరుకూ డిక్కీలో ఒక రేకు పెరుగుతోంది. కొట్టాయన నన్ను చూడగానే, "పై నెలవి వచ్చాయండి," అంటాడు. లోకంలో భర్తలు పిల్లలు పుట్టాలని మొక్కుతారు. నేను మా కారు పుట్టకూడదని బోల్టులు బిగిస్తున్నాను.

కారు పడమటికి పోతోంది, పైగా పుట్టని కారు నేను నడపకూడదు గనక తూర్పుకు బస్సులో వెళ్తున్నాను. జూలై మూడోవారంలో ఒక సాయంత్రం పెద్ద వాన. బస్సు రాలేదు. గొడుగు ఇంట్లో ఉంది. గిడ్డంగి గోనెసంచి ఒకటి నెత్తిన వేసుకుని స్టాపులో నిలబడ్డాను. వకుళ బడి నుంచి వస్తూ నాకోసం ఊరు దాటి ఇటు వచ్చి కారు ఆపింది.

"ఎక్కండి."

తలుపు తీశాను. ఎక్కడ నుంచి వచ్చారో గొడుగు కింద ఏకాంబరంగారు. మహోద్యమానికి సెలవు లేదు.

"ఆగుడు," అన్నారు. "మనుష్యులు యానములందు మాత్రమే ప్రయాణింపవలెను. యానము కానిదాని యందు ప్రయాణికులుండరాదు. అందు దాని భాగములు మాత్రమే ఉండవచ్చును."

నేను ఒక కాలు లోపల, ఒక కాలు వానలో పెట్టి నిలబడ్డాను. వకుళ విసుక్కోలేదు. సంచిలోంచి భాగాల జాబితా తీసింది, పెన్ను తీసింది. చివరి వరస కింద ఒక గీత గీసి రాయసాగింది. ఏకాంబరంగారు గొడుగు ఆవిడ మీదికి వంచి, గళ్లు ఒక్కొక్కటే అడిగారు.

"భాగము పేరు?"

"భర్త."

"సంఖ్య?"

"ఒకటి."

"నూతనమా, వాడినదా?"

ఆవిడ నన్ను నెత్తిన గోనెసంచి నుంచి కింద చెప్పుల దాకా చూసింది. "బాగా వాడినది."

"ప్రస్తుత స్థితి?"

"శబ్దం ఎక్కువ. పని తక్కువ."

ఏకాంబరంగారు రాసిందంతా ఓసారి చదువుకుని సందేహంగా తలెత్తారు. ఆయనలో అధికారి కాస్త తగ్గి మనిషి కనపడ్డాడు. "ఉద్యమ నియమముల ప్రకారము పాత భాగములను ప్రోత్సహించుట లేదమ్మా. నూతన భాగమునకు మార్చుకొను అవకాశము తమకు కలదు."

వకుళ జాబితా మడిచి సంచిలో పెట్టుకుంది. పక్క సీటు మీదున్న బడి పుస్తకాలు వెనక్కి జరిపి నాకు చోటు చేసింది.

"వద్దులెండి," అంది. "కొత్తదైతే ఎడమకు తిరిగినప్పుడల్లా ఎందుకు మోగుతోందో మళ్లీ మొదటి నుంచీ తెలుసుకోవాలి. దీనికైతే నాకు అలవాటైపోయింది."